తెల్ల చింతగింజ

మిలిటరీ వచ్చి రజాకార్లను వెతుకుతున్న రోజులు. బోయిన్‌పల్లిలో ఒక పెంకుటింటి ముందు, వానలో నిలబడి, ఒక రజాకారు దాక్కోవడానికి చోటు అడుగుతున్నాడు. లోపల భార్యాభర్తలు ప్రార్థన ముగించారు. ఆమె కుండలో చెయ్యి పెట్టి ఒక చింతగింజ తీసింది.

“ఏది, గుప్పిట తెరువు.”

“అరగదీసిన గింజ. తెల్లది.”

“తెల్లదా? జెర మల్ల తియ్.”

“మల్ల తీసుడేందీ? తెల్లదొస్తే లోపలికి రానిద్దాం, నల్లదొస్తే పొమ్మందాం అన్నది నువ్వే. ప్రభువును అడిగింది సుత నువ్వే.”

“బయట ఎవడున్నడో ప్రభువు చూసిండో లేదో. ఆయన సుత పరేషాన్‌ల ఉండొచ్చు.”

“నల్లదొస్తే గిట్లనే మల్ల తియ్యమంటుంటివా?”



“అనకపోతుంటి. నల్లదే వస్తదని అడిగిన.”

“మరి ఇప్పుడు?”

“అడిగినంక ఇంకేం జేస్తం? నా గొంగడి వానికియ్యి. తలుపు గడియ నువ్వే తియ్, నా కుడిచెయ్యి పైకి లేవదు.”

“ఆ చెయ్యి విరగ్గొట్టినోడే కదయ్యా వాడు!”

“నాకు యాదుంది. జల్ది తియ్, తడుస్తున్నడు.”