ఫోను పట్టుకున్న పిల్ల

బడి వదిలాక గేటు ఎదురుగా ఉన్న టీ కొట్టు బెంచీ మీద సైన్సు మాస్టారు కూర్చున్నాడంటే, పక్కనున్నవాళ్లు లేవడం కష్టం. దూరం నుంచి చూసినవాళ్లు దారి మార్చుకుంటారు. ఆ సాయంత్రం లెక్కల టీచరమ్మ మాత్రం తనంతట తానే వచ్చి కూర్చుంది. ఆమె కూతురు మాస్టారి క్లాసులోనే చదువుతోంది. పిల్లకి నత్తి. నలుగురిలో నోరు విప్పదు. పాఠాన్ని పిల్లల చేతే వీడియోగా తీయిస్తున్నారని విన్నప్పుడు, ఇన్నాళ్లకి దాని గొంతు బయటికొస్తుందని ఆ తల్లి ఆశపడింది. ఆ సంగతే అడగాలని వచ్చింది. మాస్టారు సందివ్వాలి కదా.

"నేను చేసింది పెద్దగా ఏం లేదండీ," మొదలుపెట్టాడాయన, ఎంతో వినయంగా. "గుండె పాఠం నేను చెప్పనర్రా, మీరే వీడియో తీసి నాకు చెప్పండి అన్నాను, అంతే. జట్లు కట్టారు, మట్టితో గుండె చేశారు, సన్న గొట్టాలు పెట్టారు, ఎర్రనీళ్లు పోశారు. క్లాసులో వేస్తే చీమ చిటుక్కుమంటే ఒట్టు!"

"మీ క్లాసులోనా?" అన్నాడు బెంచీ చివర ఇరుక్కుపోయిన డ్రిల్లు మాస్టారు. "అక్కడ నా ఈలే వినపడదు."

"అదే చెప్తున్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వీడియో ఎలా పాకిందో పెద్దాసుపత్రి గుండె డాక్టరుకి చేరింది. ఆయన ఫోన్ చేసి, 'మాస్టారూ, ఇరవై ఏళ్లుగా కోస్తున్నాను, ఎడమవైపు కవాటం సంగతి ఇవాళే అర్థమైంది' అన్నాడు. గొంతు బొంగురుపోయిందండీ ఆయనకి."

"ఇన్నాళ్లూ కోయించుకున్నవాళ్ల గతేంటి?" అన్నాడు టీ కొట్టాయన, గ్లాసులు కడుగుతూ.

"మధ్యలో అడ్డు రాకయ్యా. ఇప్పుడక్కడ ఆపరేషనుకి ముందు మత్తివ్వడం మానేశారు, మా పిల్లల వీడియో చూపిస్తున్నారు. ఒకాయన సగం చూసి, 'ఓహో, ఇంతేనా' అని లేచి, చెప్పులేసుకుని ఇంటికెళ్లిపోయాడు. గుండె దానంతటదే సర్దుకుంది! సరే, అదీ వదిలేయండి. ఆ వీడియో ఉన్న ఫోను స్విచ్చాఫ్ చేసి బీరువాలో పెట్టి తాళం వేశానా, మర్నాడు తీయబోతే లోపల్నుంచి లబ్ డబ్, లబ్ డబ్! ఫోను ఆగింది గానీ గుండె ఆగలేదు. డాక్టరే పరిగెత్తుకొచ్చి, స్టెతస్కోపు ఫోనుకి ఆనించి, చాలాసేపు విని, 'బీపీ కొంచెం ఎక్కువుంది, ఛార్జింగు తగ్గించండి' అన్నాడు."

ఎవరూ నవ్వలేదు. మాస్టారు కోతల్ని కూడా సంతాప సందేశం చదివినంత గంభీరంగా కోస్తాడు, నవ్వాలంటే మొహమాటం.

"మా అమ్మాయి అందులో ఏం చేసింది మాస్టారూ?" లెక్కల టీచరమ్మకి ఇప్పటికి సందు దొరికింది.

"అసలు కథ ఆ పిల్లదే కదమ్మా! వీడియో తీసింది తనే. ఎంత నిలకడైన చెయ్యండీ అది! తీస్తుండగా భూమి కంపించింది, గోడలూగాయి, బొమ్మ ఊగలేదు."

"మాట్లాడే పని ఇవ్వలేదా?"

"ఎవరికి చేతనైంది వాళ్లు చేస్తారమ్మా, అదే ఇందులో అందం. మాటకారి పిల్ల మాట్లాడింది. ఒక్కసారికే అయిపోయింది. మీ అమ్మాయైతే మళ్లీ మళ్లీ తీయాలి కదా, దానికెందుకు ఇబ్బంది అని నేనే..."

"నిన్న అన్నం తింటుంటే అడిగాను, గుండెలో గదులెన్నే అని." ఆమె గొంతు పెంచలేదు. "'నాకెలా తెలుస్తుందమ్మా, నేను ఫోను పట్టుకున్నాను కదా' అంది. ఎక్కడా తడబడకుండా అంది మాస్టారూ. ఆ ఒక్క మాటా దానికి నత్తి లేకుండా వచ్చేసింది. తనలో తాను ఎన్నిసార్లు అనుకుని ఉంటుందో."

మాస్టారు నోరు తెరిచాడు. ఏ డాక్టరూ సాయానికి రాలేదు. టీ కొట్టాయన కుళాయి కట్టేశాడు.

"రేపు ఊపిరితిత్తుల పాఠం," అన్నాడు మాస్టారు. "మాట్లాడేది మీ అమ్మాయే, ఫోను నేను పట్టుకుంటాను. నా చెయ్యి వణుకుతుంది. చాలాసార్లు తీయాల్సొస్తుందని పిల్లకి ముందే చెప్పండమ్మా."