ఎద్దు గీసిన గీత

నాందేడ్ సిడ్కో కాలనీలో ఒక ఇంటి వాకిలి. ఎద్దులకు పూజ చేసే పోళా పండుగ అయిపోయి ఇంకా వారం కాలేదు. దుకాణానికి సెలవున్న శుక్రవారం పొద్దున, తెల్ల కారు ముందు గొంతుక్కూచున్నాడు హార్డ్‌వేర్ దుకాణం వెంకట్రాములు. పక్కన బకెట్ పట్టుకుని కూతురు ప్రాచి నిలబడి ఉంది.

"ఎద్దా?"

"ఎద్దే బాపు."

"ఎద్దచ్చి మన కారును గీకి పోయిందా?"

"మరి పోళా నాడు మన గల్లీ మాణిక్ కాక పూజకని తన ఎద్దులను మన వాకిట్లకే తోల్కచ్చిండు గద. అండ్ల ఒకటి జెర ఆగం జేసింది. కొమ్ములూపింది. నేను చూసిన."

"చూసినవా?"

"అంటే... ఊపుడు చూసిన. గీకుడు చూడలే."

"గీతకు ఆకురంగు అంటుకున్నది ప్రాచి. ఎద్దు కొమ్ము ఆకురంగుంటదా?"

"పండుగకు కొమ్ములకు రంగెయ్యరా బాపు? మాణిక్ కాక డబ్బ మన దుకాణంల్నే కొన్నడు."

"కొన్నడు కొన్నడు. నేనే ఇచ్చిన."

"మరి? గదే రంగు."

"పండుగ ముంగట మన గేటుకేసింది గూడ ఆకురంగే."

"అవునా? ... అవు అవు. గని గేటు లేచి ఎట్లస్తది బాపు? గేటుకు కాళ్లున్నయా?"

"లెవ్వు. ఎద్దుకున్నయి. సరే, గా బకెట్ ఇటియ్యి."

"నేను కడుగుత, నువ్వు కూసో. ముందుగాల పేస్ట్ పెట్టి రుద్దాలెనట. ఫోన్ల చూసిన."

"పేస్ట్‌తోని పండ్లు తోముకో. ముందుగాల దుమ్ము పోవాలె. దుమ్ము మీదికెల్లి రుద్దితే ఒక్క గీత పది గీతలైతది."

"మరి రెండు బకెట్లెందుకు?"

"ఒకట్ల సబ్బు నీళ్లు, ఒకట్ల ఉత్త నీళ్లు. బట్టను ఉత్త నీళ్లల్ల జాడిచ్చినంకనే మళ్ల సబ్బుల ముంచు. లేకుంటే ఇసుక మళ్ల బండి మీదికే పోతది. పైకెల్లి కిందికి కడుగు. కింద మట్టి ఎక్కువుంటది."

"గీ సీసలేంది బాపు, గోర్లరంగు సీసల లెక్క ఉన్నయి?"

"టచప్ రంగు. మన బండి తెలుపుకు సరిపోయేది. తెలుపంటే ఒక్కటే తెలుపు గాదు బిడ్డ. అన్నం ఒక తెలుపు, సున్నం ఒక తెలుపు. తలుపు లోపల రాసున్న నంబరు చూయించి తెచ్చిన."

"గింతంత గీతకు రెండు సీసలా?"

"ఉండనీ. ఎద్దులు మళ్ల రావా?"

"పోళా ఏడాదికొక్కపారే గద."

"ఏమో. గీ ఎద్దు మాటిమాటికి అస్తదేమోనని నాకనిపిస్తున్నది."

"నువ్వు గూడ మంచిగ చెప్తవ్ బాపు."

"నువ్వు మంచిగ రుద్దు. నల్ల నీళ్లు పోకముందే ఇంకో బకెట్ పట్కస్త."

వెంకట్రాములు ఇంటి వెనక్కి వెళ్ళాడు. ఆయన చెప్పుల చప్పుడు వినపడనంత దూరం పోయాక, తలుపు చాటు నుంచి ప్రాచి తల్లి భాగ్యవతి బయటికొచ్చింది.

"ఏమన్నడే?"

"నమ్మిండు. ఎద్దని చెప్పిన."

"ఎద్దా? ఓ పోరి, పండుగ నాడు నేను కాళ్లు కడిగి, బొట్టు వెట్టి, బెల్లం పోలె తినిపించిన ఎద్దును దొంగను జేస్తివా?"

"మరి నిన్ను జెయ్యమంటవా అమ్మా? సోమారం నీ లైసెన్స్ పరీక్షున్నది. గీ నాలుగు దినాలు ఎట్లన్న గడవాలె. నువ్వే గుద్దినవని తెలిస్తే బాపు తాళంచెవి లోపల పెడ్తడు. ఇగ అయిపాయె."

"పెడ్తడు. పెట్టి నవ్వుతడు గూడ. నాకు గా నవ్వుకే భయం."

"నేను నేర్పిచ్చుడు షురూ జేసినప్పుడే అనుకున్న, ఒక్కపారన్న తాకుతదని. గని పరీక్ష ముంగటనే తాకాల్నా?"

"తప్పు నాదేనా? నువ్వేమన్నవ్ చెప్పు. గేటుకెల్లి ఎన్కకు తీస్తుంటే నువ్వేమన్నవ్?"

"కారు ఎన్క దిక్కు ఎడమకు పోవాలె అన్న."

"గట్లనలే. నాకు కుడి ఎడమ జెల్ది తెల్వదని, మా ఊరి లెక్క చెప్పినవ్. తోక దాపటికి పోవాలె అన్నవ్."

"దాపట అన్నా ఎడమ అన్నా ఒక్కటే గద?"

"ఒక్కటే. గని మా ఊరు మర్ఖేల్ల బండి తోక దాపటికి పోవాలంటే ఎద్దులను ఎలపటికి తోలాలె. ముందలివి కుడికి పోతేనే ఎన్కది ఎడమకు పోతది. చిన్నప్పుడు పత్తి బండి ఎన్ని మాట్ల ఎన్కకు తీసిన్నో నేను! గా లెక్కకే కుడికి తిప్పిన."

"అమ్మా, గది ఎద్దుల బండి! కారు ముంగట ఎద్దులెక్కడివి? ఎన్కకు పోతప్పుడు ఎడమకు పోవాలంటే ఎడమకే తిప్పాలె."

"ఇప్పుడు తెల్సింది. గేటు చెప్పింది."

"నువ్వు కుడికి తిప్పితే కారు ముక్కచ్చి గేటుకు తాకె. నవ్వకమ్మా, నాకు గూడ నవ్వస్తది."

"నవ్వు గాదే, ఏడుపస్తున్నది. నీ చిన్నత్త పెండ్లిల, అందరి ముంగట మీ బాపును అడిగిన, నాకు గూడ కారు నేర్పియ్యయ్యా అని. ఏమన్నడు? కుడేదో ఎడమేదో తెల్వనిదానివి, నిన్ను కార్ల కూసోవెడ్తే దెగ్లూర్ పోతనని హైదరాబాద్ పోతవ్ అన్నడు. అందరు నవ్విన్రు. నేను గూడ నవ్విన. గని కడుపుల మంట ఇప్పటికి చల్లారలే."

"నాకు యాదున్నది అమ్మా."

"సగరోళి హాస్టల్ల నీ తమ్ముడు గౌరవ్‌ను ఆదివారమే కలువనిస్తరు. ఆదివారమే దుకాణంల గిరాకి. మీ బాపుకు తీరది. రెండు బస్సులు మారి సగరోళి చేరెవరకు కలిసే టైం సగం అయిపోతది. పోరడు గేటు కాడ నిలవడి చూస్తడు బిడ్డ. అందుకే గా రోషం పక్కకు పెట్టి నీతోని నేర్పిచ్చుకుంటున్న."

"పాసైతవ్ అమ్మా. రివర్స్ ఒక్కటి యాదిల పెట్టుకో. గని పరీక్ష టైం మెసేజ్ అస్తదన్నరు, నా ఫోన్‌కు ఇంకా రాలే."

"అస్తది తియ్. ఆఫీసుల నంబరు చెప్పినం గద."

"నువ్వు చెప్పినవా? ఎవలి నంబరు... బాపు అస్తున్నడు, లోపలికి నడువు. చాయ్ పెట్టు."

వెంకట్రాములు బకెట్ దించి, మెత్తని బట్టతో కారు ముక్కు తుడవటం మొదలుపెట్టాడు.

"మీ అమ్మతోనా మాట్లాడుతున్నవ్?"

"చాయ్ పెట్టుమన్న."

"మంచిగైంది. ఇగ చూడు, తడి లేకుండ తుడిసినంక ఆకురంగు ఎంత సాఫ్ కనవడుతున్నదో. గీ మరకలు తీసే కంపౌండ్ జెర బట్టకు అద్దుకొని, మెల్లగ రుద్దు. గట్టిగ వద్దు. పసిపోరని మూతి తుడిసినట్టు."

"పోతున్నది బాపు! ఆకురంగంత పోతున్నది."

"పోతది. అంటుకున్న రంగు పోతది, గీత పోదు. గీత లోపల ఇనుము కనవడుతున్నది చూడు. దాన్ని మూయకుంటే వానలకు తుప్పు వడ్తది. గీత పొంటి టేపు అతికియ్యి. రెండు దిక్కుల."

"ఇట్లనా?"

"గట్లనే. ఇప్పుడు గీత మీద గీ గరుకు నీళ్ల కాయితం. తడిపి రుద్దు, అంచులు నున్నగ కావాలె. ప్రాచి..."

"ఆఁ?"

"గీ గీత ముంగటి చక్రం మీదికెల్లి ముక్కు దాక పోయింది. ఎడమ దిక్కు. ఎద్దు ఎటు నిలవడి పొడిసింది?"

"ఎటంటే... గేటు దిక్కు నిలవడి."

"గేటు దిక్కు మూతి పెట్టా, తోక పెట్టా?"

"బాపు, ఎద్దును నేను కొలిసిన్నా? పొడిసింది, పోయింది."

"గంతే గంతే. ఊకె అడిగిన. సీస మంచిగ ఊపు. ఇంకా ఊపు. అడుగున రంగు కూసుంటది. బుడ్డ కుంచె గా మూతకే ఉన్నది. ఎక్కువ ముంచకు, పలసగ రాయాలె. ఎండినంక మళ్లొక్క పలసటి పూత. ఒక్కసారే మందంగ పూస్తే బుడుపు లేస్తది, దూరంకెల్లి చూసినా కనవడ్తది."

"భయమైతున్నది బాపు, నువ్వే రాయి."

"భయమెందుకు? పొడిసింది నువ్వు గాదు గద."

"నేనెందుకు పొడుస్త!"

"అదే అంటున్న. దా, నేను రాస్త. నువ్వు పట్టుకో... ఆఁ. చూసినవా, గీత ఎట్ల మునిగిపోతున్నదో?"

"మునిగింది బాపు! నిజంగ! ఇగ దీని మీద మైనం పెడ్దామా? మెరుస్తది."

"కొత్త రంగు మీద ఇప్పుడే మైనం పెట్టద్దు. కొన్ని దినాలు గాలి పీల్వాలె అది. మిగిలిన బండికి పెట్టు, చిన్న చిన్నగ గుండ్రంగ తిప్పుకుంట. ఎండల పెట్టద్దు, బండిని నీడకు జరుపుదాం. ... నువ్వు జరుపుతవా?"

"నేనా? వద్దు, నువ్వే జరుపు."

"సరే, ఉండనీ. ఇది ఎండేలోపు నేను మాణిక్ తాన్కి పోయస్త."

"ఎందుకు?"

"ఎందుకేంది? ఆయన ఎద్దు నా కారును పొడిసింది. అడుగద్దా?"

"వద్దు బాపు! మచ్చ పోయింది గద. ఊకె గొడవెందుకు?"

"గొడవ గాదు. ఎద్దును జెర కట్టేసుకోమంట. ఇయ్యాల నా కారును పొడిసింది, రేపు ఎవలి పోరగాండ్లనన్న పొడుస్తది."

"అది పొడువదు బాపు! మస్తు మంచిది."

"ఇప్పుడే గద ఆగం జేసింది అంటివి?"

"జేసింది... గని ఒక్కపారే."

"చెప్పులేడున్నయి నాయి?"

భాగ్యవతి చాయ్ తెచ్చింది. వెంకట్రాములు అప్పటికే ఒక కాలు చెప్పులో పెట్టాడు.

"ఏడికి, ప్రాచి బాపు? చాయ్ తాగు."

"మాణిక్ తాన్కి. ఆయన ఎద్దు సంగతి తేల్చుకొనస్త."

"అమ్మా, నువ్వు లోపలికి పో. నేను చెప్తున్న బాపుకు."

"నువ్వాగు బిడ్డ. చాయ్ పట్టుకోయ్యా, చల్లగైతది. చూడు... గా ఎద్దును ఏమనకు."

"ఎందుకు అనద్దు?"

"నోరు లేనిది. పండుగ నాడు నా చేతుల పోలె తిని పోయింది. మాణిక్ అన్న దానికి పేరు వెట్టి పిలుచుకుంటడు. నువ్వు పోయి అంటే ఆయన మనసు నొస్తది. నా తోని గాదు. గా పాపం నా తోని గాదు."

"అమ్మా!"

"ఊకోయే. ఎన్ని దినాలు దాస్తం? వినయ్యా. ఎద్దు గాదు..."

"నాకు తెల్సు ఎద్దు గాదని."

"ఏంది?"

"మాణిక్ నా తాన కొన్నది గులాబి రంగు. ఎద్దు కొమ్ములు గులాబి రంగున్నయి. నువ్వు బొట్టు వెడ్తుంటే నేను పక్కకే నిలవడ్డ గద."

"బాపు... మరి ఇంతసేపు..."

"ఎంతసేపు చెప్తవో చూద్దామని. మంచిగ చెప్పినవ్ బిడ్డ, అబద్దం గూడ పలసగ రాసినవ్. చాయ్ బాగున్నది భాగ్య. గా రెండో సీస ఇటియ్యి ప్రాచి."

"ఇగో. ఇప్పుడన్న చెప్పు, రెండోది ఎందుకు తెచ్చినవ్?"

"మీ అమ్మకు."

"నాకా? నాకెందుకయ్యా?"

"కార్ల పెట్టుకో. సగరోళి దాక పోయి రావాలె గద. తొవ్వల ఎన్ని గేట్లున్నయో."

"సగరోళి... నేను బండి నేర్చుకునుడు నీకెవలు చెప్పిన్రు?"

"ఆర్టీవో ఆఫీసోళ్లు. సోమారం పది గంటలకు రమ్మని నా ఫోన్‌కు మెసేజ్ పంపిన్రు. ఆఫీసుల నంబరడిగితే నువ్వు నోటికి అచ్చిన నంబరు చెప్పినట్టున్నవ్."

"అమ్మా! బాపు నంబరిచ్చినవా?"

"నాకు వేరే నంబరు ఏడ అస్తదే? ఇన్నేండ్ల సంది గా ఒక్కటే నంబరు యాదున్నది."

"యాదుండనీ. గా పెండ్లిల నేనన్న మాట మాత్రం మరిచిపో భాగ్య. తప్పుగ అన్న. పాసైనంక అచ్చే ఆదివారం దుకాణం నేను చూస్కుంట, నువ్వు కొడుకు తాన్కి పో. తాళంచెవి గూట్లనే ఉన్నది."

"ఏందయ్యా, నిజంగనే అంటున్నవా?"

"నిజంగనే. గని ఒక్క మాట. ఇందాక మీ ముచ్చట నల్ల కాడికి వినవడ్డది. బండి ఎన్కకు తీస్తప్పుడు, ముంగట ఎద్దులు లెవ్వనుకో."