తిరిగి వచ్చే బండి

1991 మే ఆరో తేదీన ఎనిఫా కలింబుకా గారు మన జిల్లా ఆరోగ్య కార్యాలయంలో గ్రామసేవికగా చేరారు. సంతకం చేసిన కాసేపటికే ఆమె కుర్చీ ఖాళీ. అప్పటికే ఏదో పల్లెకు బయలుదేరారు. ఆ కుర్చీ నేటికీ కొత్తగానే ఉందని సహోద్యోగులందరికీ తెలుసు.

టీకాల విభాగంలో పదేళ్ళ సేవ అనంతరం ఆమె పర్యవేక్షకురాలయ్యారు. సమాజంలో మార్పు రావాలంటే మనుషులను కాదు, వారి దారిలోని అడ్డును తొలగించాలని, ఆ అడ్డేమిటో అక్కడ బతికేవారే చెప్పాలని ఆమె నమ్మకం. వారు చెప్పేదాకా ఆగడమే, కాలు నిలవని ఆమెకు అతి పెద్ద పరీక్ష.

2006 వానాకాలంలో నమసోకో పల్లెకు మన కార్యాలయం సైకిలుకు తగిలించే అంబులెన్సు బండి ఇచ్చింది. పల్లె పెద్ద అడిగాడని, మొదటి వారంలోనే దానిపై ఒక శవాన్ని శ్మశానానికి తరలించనిచ్చింది. ఆపై ఏ గర్భిణీ దాన్ని ఎక్కలేదు. ఎనిఫా గారు అక్కడికి చేరేసరికి తిసుంగే అనే కోడలు ఉదయం నుంచి పురిటినొప్పులు పడుతోంది, బండి మాత్రం ఎక్కనంటోంది. వాగు పొంగుతోంది, త్వరగా దాటకపోతే ఆసుపత్రి దారి మూసుకుపోతుంది.

"ఎత్తి బండిలో పడేస్తే పోలా అమ్మా!" అన్నాడు సైకిలు తొక్కే విలార్డ్.

"నోర్ముయ్యరా! అంత సరదాగా ఉంటే నువ్వే పడుకో అందులో," అంది అత్తగారు నజేరే అవ్వ.

ఎనిఫా గారు వాకిట్లో అటూ ఇటూ తిరుగుతున్నారు. ఒక్క ఆజ్ఞ చాలు; కానీ ఇవ్వలేదు.

"అవ్వా, ఈ బండితో నీకేంటి గొడవ?"

"తీసుకెళ్ళిన మనిషిని అది మళ్ళీ తేలేదే తల్లీ. ఊరంతా చూశాం."

"తెస్తే?"

అవ్వ వాగువైపు చూసింది, కోడలివైపు చూసింది. నడుముకు గుడ్డ బిగించి బండెక్కింది. "తొక్కరా! వాగుదాకా తీసుకెళ్ళి వెనక్కి తీసుకురా. కింద పడేశావో, దయ్యమై నీ ఇంట్లోనే మకాం పెడతా!"

వాగు నీళ్ళు గట్టుపైకి వస్తుంటే ఎనిఫా గారు దారినే చూస్తూ నిలబడ్డారు. బండి తిరిగొచ్చింది. "ఇదిగో, బతికే వచ్చా. ఎక్కవే!" అంది అవ్వ. తిసుంగే ఎక్కింది. మోకాళ్ళలోతు నీళ్ళలో బండి వాగు దాటింది. ఆ సాయంత్రమే ఆడపిల్ల పుట్టింది.

శవాలకు వేరే బండి ఉండాలని, కొత్త అంబులెన్సు బండి మొదటగా ఒక ముసలమ్మను తీసుకెళ్ళి తిరిగి తేవాలని ఆ పల్లె స్త్రీలు నియమం పెట్టారు. 2014లో సమన్వయాధికారి అయిన వెంటనే ఎనిఫా గారు దాన్ని జిల్లా అంతటా అమలు చేయించారు. అయినా, సరస్సు ఒడ్డు పల్లెల ఆడవాళ్ళు ఆసుపత్రికి ఎందుకు రావడంలేదో తెలియలేదని నిన్న కూడా ఫైళ్ళు పక్కకు నెట్టి అటు బయలుదేరారు.

ఆమె పదవీ విరమణ వీడ్కోలు సభకు బండి తెస్తానని తిసుంగే కబురు పంపింది: "అమ్మని ఇంటికి మేమే తీసుకెళ్తాం. ఇంట్లో కూర్చోవడం తనవల్ల కాదని తెలుసు, మళ్ళీ తెచ్చేదీ మేమే."

ఎనిఫా గారు ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్ళు పల్లెపల్లెకూ వెళ్తూ, ప్రతిసారీ క్షేమంగా తిరిగి వస్తూ ఉండాలని మనసారా కోరుకుంటున్నాం.