డ్రాగన్ రాజుకు జవాబు

మధ్యాహ్నం కుట్టు దుకాణంలో గిరాకీ లేదు. తల్లి మిషన్ ముందు కూర్చుని నవల చదువుతోంది. కూతురు చొక్కాకు బొత్తాలు కుడుతోంది.

“నా పుస్తకం ఎప్పుడు కొట్టేశావమ్మా?”

“నిన్న. చైనా పురాణాల కథంటే అన్నీ యుద్ధాలే అనుకున్నా. సముద్రాలనేలే డ్రాగన్ రాజు, పడవ నడుపుకునే మామూలు ఆడమనిషి కోసం ఇలా కరిగిపోతాడని నాకేం తెలుసు!”

“ఎక్కడిదాకా వచ్చావు?”

“పెళ్లి చేసుకుంటావా అని అడిగాడు. ఆ పిల్ల ఉలకదు, పలకదు. నాకు ఒళ్లు మండిపోతోంది.”

“భయం పాపం. భర్త పోయాక ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదుగా.”

“అయితే? ఇష్టమని ముఖంలోనే తెలిసిపోతోంది. నోరు విప్పడానికేం?”

“గడియారాల షాపు అంకుల్ నిన్ను పెళ్లి చేసుకుంటావా అని అడిగి నెలయింది కదమ్మా, నువ్వూ ఇంకా జవాబివ్వలేదు.”

“నీకెవరు చెప్పారు?”

“ఆయనే. ముందు నన్నడిగాకే నిన్నడిగారు.”

“నువ్వేమన్నావు?”

“నాకిష్టమే అన్నాను. మా అమ్మను తొందరపెట్టనని కూడా చెప్పాను.”

“కాసేపు కొట్టు చూస్తూండు. ఆయన భోజనానికి వెళ్లిపోతాడు.”

“మరి కథ? ఆవిడేం చెప్తుందో చూడవా?”

“ఆ పిల్లను తీరిగ్గా చెప్పుకోనీ. నేను వెళ్లి చెప్పొస్తా.”