వెనక గదిలో నా కుర్చీ

హలో… ఆ, నేనే అక్కా. … నేనే, నీ చెల్లెల్ని. … ఏమీ కాలేదు. ఎవరికీ ఏమీ కాలేదు. నా అంతట నేను ఫోన్ చేస్తే ఎవరో పోయారనుకుంటే ఎలా?

మెసేజే పెడదామనుకున్నాను. నా రాత సంగతి నీకు తెలుసుగా… జుట్టు నెరిశాక నేర్చుకున్న అక్షరాలు. దీర్ఘం ఒక చోట పోతుంది, ఒత్తు ఇంకో చోట పోతుంది. పొద్దున్న మొదలెట్టింది ఇప్పటికి సగం కూడా కాలేదు. తప్పులకీ ఆలస్యానికీ ఏమీ అనుకోకు, నోటితోనే చెప్పేస్తాను. మధ్యలో అడ్డు రాకుండా వింటావా?

… ఇదిగో, అడ్డు రావడమంటే ఇదే.

… షాపులోనే ఉన్నాను. వెనక గదిలో, నా కుట్టుమిషను దగ్గర. ఇవాళొక్క రోజే ఈ భాగ్యం. అది చెప్పడానికే చేశాను.

నిన్న నా పుట్టినరోజు సంగతే. … సంతోషమా? ఎవరికి? … అక్కా, నేను పాత ప్యాంటుకి జిప్పు మారుస్తూ కూర్చున్నాను. నోట్లో గుండుసూదులు. నోట్లో సూదులు పెట్టుకున్న మనిషి మీదికి చప్పట్లు కొట్టుకుంటూ వచ్చి పడతారా ఎవరైనా? ఒకటి మింగి ఉంటే అరవై నిండిన రోజునే నూరేళ్ళూ నిండిపోయేవి.

… సర్‌ప్రైజ్ అంటారని నాకూ తెలుసు.

అసలు వాళ్ళెవరు? … నీతో వాకింగ్‌కి వచ్చేవాళ్ళు. నీతో నడిచేవాళ్ళ ముందు నేనెందుకు కేకు కొయ్యాలి? … ఎంత మంచివాళ్ళయితే మాత్రం, ముక్క తుంచి నా నోట్లో కుక్కడమేమిటి. ఒకావిడ తన వేళ్ళు తనే నాకి, అదే చేత్తో నాకు ఇంకో ముక్క తీసింది. నేను చూశాను. ఛీ. ఇంకొకావిడ బుగ్గకి క్రీము పూస్తే చెవిలోకి పోయింది. ఇంటికెళ్ళి తలస్నానం చేసినా ఆ తీపి కంపు పోలేదు. ఇప్పటికీ చెవి జిడ్డుగానే ఉంది.

… పారిపోలేదు. బాత్రూమ్‌లోకి వెళ్ళాను. … మరి, గడియ పెట్టుకోక తెరిచిపెట్టుకుంటారా? … మీరందరూ బయట నిలబడి పాట పాడారు. బాత్రూమ్ తలుపు ముందు. ఇంతకన్నా రోత ఇంకేం కావాలి. … అవును, మీరు కేకు పంచుకుంటుంటే వెనక గుమ్మంలోంచి వెళ్ళిపోయాను. గొడుగు కూడా మర్చిపోయి.

… పొగరా? నాకా? … ఎవరన్నారు? … ఆ వేళ్ళు నాకినావిడే అందా. బాగుంది.

… సరే, కేకు వదిలెయ్. అసహ్యం కడుక్కుంటే పోతుంది. నువ్వు మా షాపు మేడమ్‌తో ఏం చెప్పావు? … లేదు, ముందు నువ్వు చెప్పు.

… అదే. మా చెల్లెలు ఒంటరిది, మొగుడు పోయాక ముడుచుకుపోయింది, ఆ చీకటి గదిలో పడెయ్యకండి, నలుగురి మధ్యా కూర్చోబెట్టండి అని. ఇవాళ రాగానే మేడమ్ నా భుజం మీద చెయ్యేసింది. రేపట్నించి ముందు కౌంటర్‌లో కూర్చోవాలట. ఈ గదిలోకి కొత్తమ్మాయి వస్తుందట. నాకేదో వరమిచ్చినట్టు ఒకటే నవ్వు.

… మంచిదా? కౌంటర్ అంటే ఏమిటో తెలుసా నీకు. వచ్చినవాళ్ళందరికీ పళ్ళికిలించాలి. చెమట ఆరని కోట్లు తెచ్చి ముందు పడేస్తారు. చంక దగ్గర కుట్లు ఊడాయని అక్కడికక్కడే చెయ్యెత్తి చూపిస్తారు. నడుము బిగించమని ఊరుకుంటారా, ఎందుకు చిక్కిపోయారో, పెళ్ళాం ఎందుకు వెళ్ళిపోయిందో అంతా చెబుతారు. అంతా విని అయ్యో అనాలి. సాయంత్రానికి నా మొహం నాది కాకుండా పోతుంది.

… చీకటి గదని నీకెవరు చెప్పారు? కిటికీ ఉంది. వెలుతురు సరిగ్గా సూది మీద పడుతుంది. ఆయన పోయాక నేను ముడుచుకుపోలేదు అక్కా. పుట్టడమే ఇలా పుట్టాను. ఆయన ఉన్నన్నాళ్ళూ నా వంతు కూడా ఆయనే మాట్లాడేవారు, అందుకని మీకెవరికీ తెలియలేదు.

… నీకెప్పుడూ అంతే. ఆ తలుపు సంగతి మర్చిపోయావా? ఫోన్ ఎత్తలేదని మనిషిని తీసుకొచ్చి తాళం పగలగొట్టించావు. లోపల నేను కాళ్ళు చాపుకుని టీ తాగుతున్నాను. వీధి వీధంతా గుమ్మంలో నిలబడి నా పాత నైటీ చూసింది. … భయమేసిందా? నీకు భయమేస్తే నా తలుపు విరగ్గొట్టాలా?

కాదు, ఒక మాట చెబుతాను విను. నీకు కావలసింది నేను కాదు. నీకు రెండు చెవులు కావాలి. ఎవరివైనా సరే.

…

అక్కా?

…

హలో. … లైన్‌లోనే ఉన్నావా? సిగ్నల్ పోయిందా… గీతలన్నీ కనబడుతున్నాయే.

…

అక్కా. కోపమొచ్చిందా? … ఏడుస్తున్నావా? … నేనేదో నోరు జారాను. … ఒంట్లో బాగాలేదా? బీపీ మాత్ర వేసుకున్నావా? … ఏదో ఒకటి అను. పోనీ తిట్టు.

…

అమ్మయ్య. … ఏం చేస్తున్నావు ఇంతసేపూ? … ఊరికే ఉన్నావా. నువ్వు? ఊరికే?

… నవ్వకు. … ఆ, భయమేసింది. … అవును, కోపమొచ్చిందా అని అడిగాను. మాత్ర వేసుకున్నావా అనీ అడిగాను. … అవి నీ మాటలే. నువ్వు అడిగినప్పుడల్లా నాకు ఒళ్ళు మండే మాటలే.

… రోజూ ఇలాగే ఉంటుందా నీకు? నేను ‘ఊ’ అని ఊరుకున్న ప్రతిసారీ?

… నాకు తెలీదు. … నిజంగా తెలీదు అక్కా. నా మీద నిఘా పెట్టావనుకున్నాను.

విను. నేను మాట్లాడలేదంటే కోపం కాదు, ఏడుపూ కాదు. నాకు బాగుందని. … తెలుసు, బాగున్న మనిషి మొహంలా ఉండదు నా మొహం. దానికి నేనేం చెయ్యను. … వింటాను. అన్నీ వింటాను. మీ పక్కింటి కుక్కకి కంటి ఆపరేషన్ అయింది. ఎడమ కంటికి. నువ్వు చెప్పి చాలా రోజులైంది, నేను ‘ఊ’ అన్నాను. … పక్కకి తిరిగి పడుకుంటే బావ గురక తగ్గుతుందని కూడా చెప్పావు. అది మర్చిపోతే బాగుండేది.

… వద్దు. మేడమ్‌కి నువ్వు ఫోన్ చెయ్యకు. నువ్వు చెబితే ఇంకో కేకు వస్తుంది. … నేనా? ఆవిడ అంత సంబరంగా ఉంటే ఎలా చెప్పను. నీ మీద అరిచినట్టు అందరి మీదా అరవగలనా?

ఆగు. ఆవిడే వస్తోంది. … పెట్టెయ్యను. నువ్వు మాత్రం మాట్లాడకు. నాకోసం, కాసేపు.

మేడమ్… ఆ కుర్చీ ముందుకి తీసుకెళ్ళకండి. … కౌంటర్ నాకొద్దండి. … లేదండి, మీ మీద కోపమేమీ లేదు. కేకు వల్ల కాదు. … కొంచెం కేకు వల్ల కూడా. … మా అక్క నా మంచికే చెప్పింది, పొరపాటు పడింది. నేనేమీ దిగులు పెట్టుకుని ఇక్కడ కూర్చోలేదండి. నాకు ఇక్కడే బాగుంటుంది. … ఆ కొత్తమ్మాయికి మనుషులంటే సరదాయేమో, ముందు తననే కూర్చోబెట్టండి. గుండీల కాజాలూ జిప్పులూ ఎప్పటిలాగే ఇక్కణ్ణించి చేసిస్తాను. … అక్కడ కాదండి, కిటికీ పక్కన. … ఆ. … మంచిదండి.

… అక్కా, ఉన్నావా? … విన్నావుగా. … సరేనంది. ఈ సందడి పడదని నిన్ననే చెప్పొచ్చుగా అంది. నిన్న నా నోరు ఖాళీగా ఉందా?

… ఏడవకు. … ఏడుస్తూ నవ్వకు. నువ్వు ముక్కు చీదడం నా చెవిలో పడుతోంది, కంపరంగా ఉంది. అసలే క్రీము చెవి.

… మళ్ళీ వాళ్ళనా? వద్దే వద్దు. … క్షమాపణ నేనెందుకు చెబుతాను? … సరే, నువ్వే చెప్పు వాళ్ళకి. మా చెల్లెలికి అరవై నిండాయి, బట్టలు బాగుచేసే షాపులో వెనక గదిలో ఉంటుంది, పొగరు కాదు, బాగానే ఉంది అని. ఆవిడని మాత్రం చెయ్యి కడుక్కోమని చెప్పు.

… పెట్టెయ్యక్కర్లేదు. నాకు జిప్పు పనింకా ఉంది. ఫోన్ స్పీకర్‌లో పెట్టి మిషను పక్కన ఉంచుతాను. నువ్వు చెప్పుకుంటూ పో. మిషను ఆడుతున్నంతసేపూ నేను వింటున్నట్టే. వింటున్నావా అని మాత్రం అడగకు.

… అడగకు అన్నానా.

… ఊ. ఇదిగో, పెడుతున్నాను. దారపు రీళ్ళ పక్కన. … అక్కా, ముందు ఇది చెప్పు. ఆ కుక్కకి ఇప్పుడు కన్ను కనబడుతోందా?