గేటు దాకా దారి

నల్లగండ్లలోని అపార్ట్‌మెంటు పార్కింగులో పాత తారు పీకుతున్న ఐలయ్య మిషన్ ఆపాడు. చూపులేని పార్థసారథి చేతికర్రతో ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"సార్, జర పక్కకు రాండ్రి. ఈడ మొత్తం తవ్వుతున్నం."

"అంతా నున్నగా చేసేస్తారాండీ?"

"అద్దం లెక్క జేస్తం."

"ఈ పగుళ్ళు కర్రకు తగులుతుంటేనే నేను ఒక్కణ్ణే గేటు దాకా వెళ్ళి ఆఫీసు క్యాబ్ ఎక్కుతున్నాను."

"పగుళ్ళుంచితే కొత్త తారు పట్టది సార్."

"తెలుసండీ. ఊరికే చెప్పాను."

ఐలయ్యకు మిషన్ మళ్ళీ నడపడానికి చెయ్యాడలేదు.

"గోడ పొంటి గేటు దాకా రాళ్ళ అంచు పెడ్త సార్. కర్రకు తగుల్తది."

"అసోసియేషన్ ఒప్పుకోదేమోనండీ."

"నేనడుగుత. మీరు నడువుండ్రి, ఏడ మలుగుతరో జూస్త."

పార్థసారథి కదిలాడు. ఐలయ్య సుద్దముక్కతో గోడ మీద గీత గీసుకుంటూ గేటు దాకా వెంట నడిచాడు.