మగ్గం గుంత మీద దీపం

2011. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక స్కానింగ్ గది. బల్ల మీద ఐదో నెల గర్భిణి ప్రసన్న. పక్కన కౌసల్య, ప్రసన్నకు మేనత్త, ఇప్పుడు అత్తగారు కూడా. తెర ముందు డాక్టర్ బిందుమాధవి.

"మళ్ళ ఎందుకు చూస్తున్నరు మేడం? ఇందాకనే చూసిండ్రు గద."

"కదలకు ప్రసన్నా. ఇంకొక్కసారి... తొడ ఎముక కొలుస్తున్నాను."

"కరెంటు పోయొచ్చింది గద మేడం, గీ మిషన్ తప్పు చూపిస్తున్నదేమో. సమ్మెల ఏది సక్కగున్నది?"

"మిషన్ బాగానే ఉందండీ కౌసల్య గారూ."

"మరి ఏమైంది? చెప్పుండ్రి మేడం, నేను వింట."

"గుండె కొట్టుకుంటోంది ప్రసన్నా. కానీ ఎముకలు పెరగలేదు. చేతులూ కాళ్ళూ బాగా పొట్టిగా ఉన్నాయి, వంగిపోయాయి. ఛాతీ మరీ ఇరుకు. ఊపిరితిత్తులకి చోటే లేదు."

"అంటే?"

"పుట్టినా... ఊపిరి అందదమ్మా."

"కదుల్తున్నది మేడం. ఇప్పుడు గూడ కదుల్తున్నది."

"తెలుసమ్మా."

"బస్సులు బంద్ అని మన్సూరాబాద్ నుంచి షేర్ ఆటోల పిల్లను తెచ్చిన. ఆ కుదుపులకే అయ్యుంటది."

"కుదుపులకి ఎముకలు వంగవండీ. కావాలంటే మీరే చూడండి, తెర ఇటు తిప్పుతాను."

"ఒద్దు! తిప్పకుండ్రి. నేను చూడ."

"ఒక్కసారి—"

"చూడనంటున్న గద! మీరు ఆంధ్రోళ్ళు, మా మీద కోపం బెట్టుకొని..."

"అత్తమ్మా! ఊకో."

"నాకెందుకండీ కోపం? ఒక్క మాట, నిజం చెప్పండి. ప్రసన్న మీ తమ్ముడి కూతురన్నారు. మేనరికాల్లో ఇది ఒక్కోసారి మళ్ళీ వస్తుంది. మీ ఇళ్ళలో ఎవరికైనా ఇలాంటి బిడ్డ పుట్టిందా?"

"లేదు."

"మీకు?"

"నాకు రమేష్ ఒక్కడే, ఈ పిల్ల మొగడు."

"తర్వాతి బిడ్డకైనా జాగ్రత్త పడాలంటే నాకు తెలియాలి కదండీ. అందుకే..."

"లేదంటె లేదు! ఎన్నిసార్లు చెప్పాలె?"

"అత్తమ్మా."

"నువ్వు పండుకో బిడ్డా."

"చిన్నప్పుడు సెలవులకు పోచంపల్లి మీ ఇంటికొస్తుంటి. ముందటి అర్రల పాత మగ్గం ఉండె. దాని మీద మామ ఎన్నడు కూసోకపోతుండె. కాళ్ళు పెట్టే గుంత మన్నుతోని పూడ్చి ఉండె. నేను దాని మీద దునికితె గట్టిగ ఒక్కటేసినవు."

"అవన్ని ఇప్పుడెందుకు?"

"నన్ను ఎన్నడన్న కొట్టినవా అత్తమ్మా? గా ఒక్కసారే."

"ఇంటికి పోదాం లే. మేడం, ఇగ పోతం."

"రోజు పొద్దుగూకంగనె ఆ మన్ను మీద దీపం పెడ్తుంటివి. దేవునికా అని అడిగితె పోయి ఆడుకో అంటివి."

"ప్రసన్నా..."

"ఎవలికి పెట్టినవు అత్తమ్మా?"

"నా పసిపిల్ల గద బిడ్డా... మన్ను కింద చీకటంటె భయపడ్తదని."